గోదావరి అనే సర్వర్, గోదావరి అనే దారి: 130 యూనిక్స్ మెషిన్లలో షేర్డ్ డైరెక్టరీల సర్దుబాటు

హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే ఒక మధ్యరకం ఆఫీసులో నేను యూనిక్స్ సిస్టమ్స్ చూసేవాణ్ణి. 2012లో అక్కడ సుమారు 130 మెషిన్లు ఉండేవి. ఎక్కువ భాగం రెడ్ హ్యాట్ లినక్స్ 5, కొత్తగా కొన్న పాతిక దాకా రెడ్ హ్యాట్ 6, ల్యాబ్ పక్కన ఇంకా ఆరు సోలారిస్ 10 (సన్ కంపెనీ యూనిక్స్) మెషిన్లు. అందరి ఫైళ్లూ దాచి నెట్‌వర్క్ మీద అందించే ఫైల్ సర్వర్లు నాలుగు. వాటికి నాకంటే ముందు పనిచేసినవాళ్లు నదుల పేర్లు పెట్టారు: గోదావరి, కృష్ణ, మంజీర, తుంగభద్ర. ఆ పేర్లంటే అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. చిక్కు ఏమిటంటే ఆ పేర్లు సర్వర్ల దగ్గర ఆగలేదు, డైరెక్టరీ దారుల్లోకి కూడా వచ్చేశాయి.

గోదావరిలో రెండో డిస్కు మీదున్న డైరెక్టరీ ప్రతి మెషిన్ మీదా /గోదావరి/డిస్క్2 అనే పేరుతో కనిపించేది. కృష్ణలో మొదటి డిస్కు /కృష్ణ/డిస్క్1. డిజైన్ ఇంజినీర్లు రాసిన సీషెల్ స్క్రిప్టుల్లో, సిమ్యులేషన్ సెటప్ ఫైళ్లలో, టూల్స్ ఇన్‌స్టాల్ చేసిన చోట్ల, చివరికి డాక్యుమెంట్లలో కూడా ఈ దారులే. పది మెషిన్లు, ఒక సర్వర్ ఉన్న రోజుల్లో ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. ఫైలు ఎక్కడుందో పేరు చూస్తే తెలిసిపోయేది. డిస్కులు నిండి, ఒక చోట ఉన్నవి ఇంకో చోటికి మారడం మొదలయ్యాక ఆ పేర్లు అబద్ధాలయ్యాయి. /గోదావరి/డిస్క్2 లో ఉన్న ఒక ప్రాజెక్టు రెండేళ్ల కిందటే తుంగభద్ర మీదికి వెళ్లిపోయింది. పాత చోట ఒక సిమ్‌లింక్, అంటే కొత్త చోటును చూపే గుర్తు, మాత్రం మిగిలింది. ఆ సిమ్‌లింక్ పట్టుకుని వెళ్తే ఇంకో సిమ్‌లింక్ తగిలేది.

సర్వర్ మీది డిస్కును మెషిన్‌లో ఒక డైరెక్టరీగా కనిపించేలా తగిలించడాన్ని మౌంట్ అంటారు. ఆ మౌంట్లన్నీ ఒక్కో మెషిన్‌లో, బూట్ అయ్యేటప్పుడు చదివే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో చేత్తో రాసినవే. కొత్త డిస్కు వస్తే 130 చోట్ల ఒక లైను కలపాలి. ఆ రోజు ఆపి ఉన్న మెషిన్లలో ఆ లైను చేరదు. నెల తర్వాత ఎవరో దాన్ని ఆన్ చేసి "నా డైరెక్టరీ లేదు" అని ఫోన్ చేస్తారు.

ఆ శనివారం

ఇదంతా మార్చాలని నేను ఏడాదిగా అంటున్నా, ఒప్పుకోవడానికి ఒక దెబ్బ తగలాల్సి వచ్చింది. బిల్డింగ్ వాళ్లు యూపీఎస్ బ్యాటరీలు మారుస్తామని ముందే చెప్పారు. శనివారం పొద్దున అన్నీ పద్ధతిగా ఆపేశాం. మధ్యాహ్నం కరెంటు వచ్చాక సర్వర్లు, కంప్యూట్ మెషిన్లు అన్నీ ఒకేసారి ఆన్ చేశాం.

గోదావరి బూట్ అవుతూ కృష్ణ మీదున్న టూల్స్ డిస్కు కోసం ఆగింది. కృష్ణ మంజీర మీదున్న హోమ్ డైరెక్టరీల కోసం ఆగింది. మంజీర గోదావరి డిస్కు కోసం ఆగింది. రెడ్ హ్యాట్ 5 లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) మౌంట్లు చేసే స్క్రిప్టు ముందు నడుస్తుంది, తన డిస్కులను బయటికి ఇచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ సర్వీసు ఆ తర్వాత మొదలవుతుంది. కాబట్టి ప్రతి సర్వరూ తాను ఇవ్వడం మొదలుపెట్టకముందే పక్కవాళ్ల గుమ్మం ముందు నిలబడి అడుగుతోంది. ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

ఇలా శాశ్వతంగా ఆగిపోదు. మామూలు మౌంట్ ఒక్కో లైనుకి 2 నిమిషాలు ప్రయత్నించి వదిలేస్తుంది. పద్నాలుగు లైన్లుంటే దాదాపు అరగంట. అరగంట తర్వాత లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది, మేం ఊపిరి పీల్చుకున్నాం. మౌంట్ కానివాటిని చేత్తో మౌంట్ చేసుకుంటూ పోయాం. కంప్యూట్ మెషిన్లలో కొన్నిటిని ఆదివారం చూద్దామని వదిలేశాం.

అసలు దెబ్బ సోమవారం తెలిసింది. డిజైన్‌ను పరీక్షించే వెరిఫికేషన్ టీమ్ లీడ్ వచ్చి, "శనివారం రాత్రి రిగ్రెషన్ రన్‌లో సగం రిజల్ట్స్ లేవండీ. రన్ అయినట్టు లాగ్‌లో ఉంది, ఫైళ్లు మాత్రం లేవు" అన్నారు. అదే సమయానికి మా జూనియర్ కుర్రాడు, "అన్నా, పదిహేను మెషిన్లలో రూట్ డిస్క్ నిండిపోయింది. డీఎఫ్ వంద శాతం చూపిస్తోంది, డీయూ కొడితే లెక్క కలవడం లేదు" అన్నాడు.

డీఎఫ్ డిస్కు ఎంత నిండిందో చెబుతుంది, డీయూ కనిపించే ఫైళ్ల మొత్తం చెబుతుంది. రెండు మాటలూ కలిపి వింటే విషయం అర్థమైంది. మౌంట్ కాకపోతే మౌంట్ పాయింట్ అనేది రూట్ డిస్కు (ఆ మెషిన్ సొంత డిస్కు) మీదున్న ఒక ఖాళీ డైరెక్టరీ, అంతే. మా దగ్గర ఆ ఖాళీ డైరెక్టరీలకు ఎవరో ఎప్పుడో 777 పర్మిషన్ (ఎవరైనా రాయవచ్చని) ఇచ్చి ఉన్నారు. శనివారం రాత్రి క్రాన్ జాబ్‌లు (వేళకు వాటంతటవే నడిచే పనులు) మొదలై, దారి కనిపించింది కదా అని అక్కడే రాసేశాయి. ఆదివారం మేం మౌంట్ చేయగానే అసలు డిస్కు వచ్చి వాటి మీద కప్పేసింది. ఫైళ్లు పోలేదు, కింద పడి ఉన్నాయి. రూట్ ఫైల్ సిస్టమ్‌ను ఇంకో చోట బైండ్ మౌంట్ చేసి (అదే డైరెక్టరీని రెండో పేరుతో తగిలించి) చూస్తే కనిపించాయి. ఒక్కో మెషిన్ నుంచి తీసి సరైన చోట కలపడానికి ఒకటిన్నర రోజు పట్టింది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మౌంట్లు ఇంకా వాడుతున్నవాళ్లకు ఇక్కడే ఒక మాట. మౌంట్ కాకముందు ఆ ఖాళీ డైరెక్టరీ మీద చాటర్ (chattr) కమాండ్‌తో మార్చకూడని గుర్తు, అంటే ప్లస్ ఐ, పెట్టండి. పర్మిషన్ సున్నా చేస్తే మామూలు యూజర్లు ఆగుతారు, అన్ని అధికారాలున్న రూట్ యూజర్ ఆగడు. ప్లస్ ఐ పెడితే రూట్ కూడా అక్కడ రాయలేదు. ఒక్క నిమిషం పని ఇది. మాకు ఆ నిమిషం విలువ ఒకటిన్నర రోజు.

ఉన్నదేమిటో తెలుసుకోవడం

కొత్త డిజైన్ గీయకముందు ఉన్నదాన్ని లెక్క తీశాం. ఒక లూప్‌లో అన్ని మెషిన్ల నుంచీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లు తెచ్చి, ఎన్‌ఎఫ్‌ఎస్ లైన్లు మాత్రం విడగొట్టి, సార్ట్ చేసి, ఏ లైను ఎన్నిసార్లు వచ్చిందో చూశాం. అన్ని మెషిన్లలో ఒకేలా ఉండాల్సిన లైన్లు ఎక్కడా ఒకేలా లేవు. ఒకే డిస్కుకు మూడు పేర్లున్నాయి. కొన్ని చోట్ల హార్డ్ మౌంట్ (సర్వర్ వచ్చేదాకా ఆగేది), కొన్ని చోట్ల సాఫ్ట్ (కొంతసేపు చూసి ఎర్రర్ ఇచ్చేది). ఏ సర్వర్ మీదా లేని డైరెక్టరీని అడిగే లైన్లు కూడా కనిపించాయి.

ఆ తర్వాత దారులు ఎక్కడెక్కడ రాసి ఉన్నాయో వెతికాం. టూల్స్, ప్రాజెక్టు సెటప్ ఫైళ్లు, యూజర్ల సీషెల్ స్టార్టప్ ఫైళ్లు, అన్నిట్లో నది పేర్ల కోసం గ్రెప్ కొట్టాం. ఆ వెతుకులాటలో ఒక పాత స్క్రిప్టులో /టీఎంపీ_ఎంఎన్‌టీ అనే పదంతో మొదలయ్యే దారి దొరికింది. మా జూనియర్‌కు అది ఏమిటో తెలియదు. నేను చూసిన వెంటనే గుర్తుపట్టాను.

సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్‌ను 1985లో బయటికి తెచ్చింది. అడిగినప్పుడే మౌంట్ చేసే ఆటోమౌంటర్ ఆ తర్వాత వాళ్ల యూనిక్స్ అయిన సన్ఓఎస్ 4.0తో వచ్చింది. ఆ తొలి ఆటోమౌంటర్ అసలు మౌంట్‌ను /టీఎంపీ_ఎంఎన్‌టీ కింద ఎక్కడో పెట్టి, యూజర్ అడిగిన పేరు దగ్గర ఒక సిమ్‌లింక్ చూపించేది. డైరెక్టరీలోకి వెళ్లి పీడబ్ల్యూడీ (ఎక్కడున్నామో చెప్పే కమాండ్) కొడితే యూజర్‌కు తాను అడిగిన దారి కాకుండా ఆ లోపలి దారి కనిపించేది. జనం అదే కాపీ చేసి స్క్రిప్టుల్లో పెట్టుకునేవారు. కొంతసేపు వాడకపోతే ఆటోమౌంటర్ ఆ మౌంట్ తీసేసేది, లోపలి దారిని నేరుగా అడిగితే తిరిగి మౌంట్ చేసేది కాదు. స్క్రిప్టు పొద్దున నడిచి సాయంత్రం విరిగేది. తర్వాత వచ్చిన ఆటోఎఫ్‌ఎస్ అడిగిన చోటే మౌంట్ చేస్తుంది కాబట్టి ఆ గొడవ పోయింది. ఎవరో పాత ఉద్యోగం నుంచి తెచ్చుకున్న ఆ స్క్రిప్టులో అది అలాగే మిగిలింది.

ఆ ఒక్క లైను నాకు చాలా పనికొచ్చింది. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు దాన్నే చూపించాను. యూజర్‌కు ఒక దారి కనిపిస్తే, అది ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. రాసినది మెషిన్ల కంటే, ఉద్యోగాల కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకని యూజర్‌కు కనిపించే పేరులో మారిపోయేవి ఏవీ ఉండకూడదు. సర్వర్ పేరు మారుతుంది. డిస్కు నంబరు మారుతుంది. ప్రాజెక్టు పేరు, మనిషి లాగిన్ పేరు, టూల్ వెర్షన్, ఇవి మారవు.

నాలుగు పేర్లు

కొత్త చెట్టుకు పైన నాలుగే కొమ్మలు పెట్టాం: /హోమ్, /ప్రాజ్, /టూల్స్, /స్క్రాచ్. ఐదోది అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. /డేటా కావాలన్నారు, /కామన్ కావాలన్నారు. ఒప్పుకోలేదు. కామన్ అని పేరు పెడితే అందులో ఏముండాలో ఎవరికీ తెలియదు, ఏది తీసేయాలో కూడా తెలియదు.

ఈ నాలుగిటినీ డిస్కుల్ని బట్టి విడగొట్టలేదు. పోతే ఏమవుతుంది అన్న ప్రశ్నను బట్టి విడగొట్టాం. /హోమ్ చిన్నది, ప్రతి మనిషికీ కోటా ఉంటుంది, రోజూ బ్యాకప్ అవుతుంది. /ప్రాజ్ పెద్దది, ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో వాల్యూమ్, బ్యాకప్ ఉంటుంది, ప్రాజెక్టు అయిపోయాక టేపులోకి వెళ్లి ఇక్కడి నుంచి పోతుంది. /టూల్స్ పోతే తిరిగి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు. కానీ దాన్ని అందరికీ చదవడానికి మాత్రమే ఇస్తాం. /స్క్రాచ్‌లో ఉన్నది 30 రోజుల తర్వాత తుడిచేస్తాం, బ్యాకప్ లేదు. ఈ మాట ఆ డైరెక్టరీలోనే ఒక ఫైలుగా రాసి పెట్టాం.

ఇలా చేయడం వల్ల బ్యాకప్ టేపుల ఖర్చు గురించిన వాదనలు కూడా తగ్గాయి. అంతకుముందు సిమ్యులేషన్ వేవ్‌ఫార్మ్ ఫైళ్లు, ఆర్‌టీఎల్ (చిప్ డిజైన్) కోడ్, పెళ్లి ఫోటోలు అన్నీ ఒకే డిస్కు మీద ఉండేవి, అన్నీ టేపులోకి వెళ్లేవి.

మ్యాప్‌లు

ఆటోఎఫ్‌ఎస్ మా పాత మెషిన్లలోనూ ఉంది, ఎవరూ వాడలేదు. యూజర్ల వివరాలు అన్ని మెషిన్లకూ పంచే ఎన్‌ఐఎస్ సర్వర్ పాస్‌వర్డ్‌ల కోసం ఎలాగూ నడుస్తోంది. ఆటోమౌంట్ మ్యాప్‌లు (ఏ పేరు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే పట్టికలు) కూడా అందులోనే పెట్టాం. ఎన్‌ఐఎస్ బదులు ఎల్‌డ్యాప్ అనే ఇంకో పద్ధతికి మారదామని ఒక ఆలోచన వచ్చింది కానీ, ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది విరిగిందో తెలియదని దాన్ని పక్కన పెట్టాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మాస్టర్ మ్యాప్‌లో నాలుగు లైన్లు, ఒక్కో కొమ్మకు ఒకటి. హోమ్ మ్యాప్ మొదట్లో ఒకే లైను:

*   -హార్డ్   హోమ్‌సర్వ్:/ఎక్స్‌పోర్ట్/హోమ్/&

నక్షత్రం గుర్తు అంటే ఎవరడిగినా అని. చివరి గుర్తు దగ్గర ఆ అడిగిన పేరే వచ్చి కూర్చుంటుంది. హోమ్‌సర్వ్ అనేది మెషిన్ కాదు, డీఎన్‌ఎస్‌లో (మెషిన్ల పేర్ల పట్టికలో) ఒక మారుపేరు. ఆ రోజు అది మంజీరను చూపించేది. తర్వాత కొంతమంది హోమ్ డైరెక్టరీలను తుంగభద్ర మీదికి మార్చినప్పుడు, వాళ్ల పేర్లతో విడి లైన్లు రాశాం. విడిగా రాసిన పేరు ముందు పనిచేస్తుంది, మిగతావాళ్లు నక్షత్రం లైనులోకి వెళ్తారు.

ప్రాజెక్టుల మ్యాప్‌లో నక్షత్రం వాడలేదు. ప్రతి ప్రాజెక్టుకూ ఒక లైను, పక్కన కామెంట్‌లో ఆ ప్రాజెక్టు ఎవరి బాధ్యతో, ఎప్పుడు ముగుస్తుందో. మ్యాప్ ఫైళ్లన్నీ మార్పుల చరిత్ర దాచే సబ్‌వర్షన్‌లో పెట్టాం. ఎవరు ఎప్పుడు ఏ లైను మార్చారో కనిపిస్తుంది. చెకిన్ అయ్యాక ఒక స్క్రిప్టు ఫైల్‌ను పరీక్షించి, ఒకే పేరు రెండుసార్లు వస్తే ఆపేసి, అన్నీ బాగుంటేనే ఎన్‌ఐఎస్‌లోకి పంపుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన లాభం ఆ శనివారానికి సంబంధించినది. ఈ మార్పు తర్వాత నాలుగు సర్వర్ల ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లలో ఎన్‌ఎఫ్‌ఎస్ లైను ఒక్కటి కూడా లేదు. బూట్ అవడానికి ఏ సర్వరూ ఇంకో సర్వర్ కోసం ఎదురుచూడదు. సర్వర్ మీద కూర్చుని /ప్రాజ్‌లో తన డిస్కు మీదే ఉన్న ప్రాజెక్టును అడిగితే, లినక్స్ ఆటోఎఫ్‌ఎస్ అది తన దగ్గరే ఉందని గుర్తించి నెట్‌వర్క్ జోలికి పోకుండా బైండ్ మౌంట్ చేస్తుంది. దారి మాత్రం అన్ని చోట్లా ఒకటే. సర్వర్ అందకపోతే ఆ పేరే దొరకదు, జాబ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కింద ఖాళీ డైరెక్టరీ లేదు కాబట్టి తప్పు చోట రాయడం అన్నది జరగదు.

సోలారిస్‌లో ఒక విషయం ముందే తెలుసుకుని ఉండాలి. అందులో /హోమ్‌ను డిఫాల్ట్‌గానే ఆటోమౌంటర్ పట్టుకుని ఉంటుంది. అక్కడ రూట్‌గా కూడా డైరెక్టరీ సృష్టించలేరు. ఆ ఆరు మెషిన్లలో స్థానికంగా అక్కడ ఏదో పెట్టాలని గతంలో ఎవరో విసిగిపోయి ఆటోమౌంటర్‌నే ఆపేశారు. దాన్ని తిరిగి లేపాం.

టూల్స్ మ్యాప్‌లో ఒక్కో పేరుకూ ఇద్దరు సర్వర్లను రాశాం, కృష్ణ, తుంగభద్ర. ఇద్దరి దగ్గరా ఒకే కాపీ. దీని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. లినక్స్‌లో ఈ ఎంపిక మౌంట్ చేసే క్షణంలో జరిగేది మాత్రమే. మౌంట్ అయ్యాక ఆ సర్వర్ పడిపోతే దానంతట అది రెండోదానికి మారదు. సోలారిస్ క్లయింట్ మాత్రం చదవడానికి ఇచ్చిన మౌంట్లలో అలా మారగలదు. మాకు బూట్ వేళ లోడ్ పంచుకోవడానికి పనికొచ్చింది, దానితో సరిపెట్టుకున్నాం.

ఖాళీగా కనిపించిన /ప్రాజ్

మొదటి రోజు వచ్చిన ఫోన్లు దాదాపు అన్నీ ఒకే విషయం మీద. ఎల్‌ఎస్ /ప్రాజ్ కొడితే ఖాళీగా వస్తోంది, డేటా ఏమైంది అని. అడగనిదే మౌంట్ కాదు కాబట్టి అడగకముందు పేరు కూడా కనిపించదు. మాకు అలవాటైపోయిన విషయం కాబట్టి ముందుగా చెప్పాలన్న ఆలోచనే రాలేదు. టేప్‌ఔట్ (చిప్ డిజైన్‌ను తయారీకి పంపడం) దగ్గరపడ్డ ఇంజినీర్‌కు ఖాళీ డైరెక్టరీ కనిపిస్తే ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆ రోజు చూశాను. కొన్ని డిజైన్ టూల్స్‌లో ఫైల్ ఎంచుకునే కిటికీ కూడా ఖాళీగానే చూపించింది. /ప్రాజ్‌కు బ్రౌజ్ మోడ్ పెట్టాం. అప్పటినుంచి పేర్లన్నీ కనిపిస్తాయి, మౌంట్ మాత్రం లోపలికి వెళ్లినప్పుడే. /హోమ్‌కు అది పెట్టలేదు, అక్కడ అవసరం లేదు.

ఇంకో చిన్న విషయం. దొరకని పేరును ఆటోఎఫ్‌ఎస్ 60 సెకన్లు గుర్తుంచుకుంటుంది. కొత్త ప్రాజెక్టు సిద్ధం కాకముందే ఎవరో ఆ పేరుతో లోపలికి వెళ్లబోయి విఫలమైతే, మనం మ్యాప్‌లో పెట్టాక కూడా ఒక నిమిషం దాకా వాళ్లకు లేదనే చెబుతుంది. ఇది తెలియక మా జూనియర్ రెండుసార్లు ఆటోఎఫ్‌ఎస్ డీమన్‌ను (వెనక నడిచే ప్రోగ్రామ్‌ను) రీస్టార్ట్ చేశాడు.

అంకెల గొడవ

ఈ పనిలో సగం కాలం తిన్నది డైరెక్టరీలు కాదు, యూఐడీలు, అంటే యూజర్ల అంకెలు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మామూలు పద్ధతిలో వైరు మీద వెళ్లేది మనిషి పేరు కాదు, అంకె. రెడ్ హ్యాట్ 5లో కొత్త యూజర్ల అంకెలు 500 నుంచి మొదలవుతాయి. మా ఆఫీసులో కొన్నాళ్ల ముందు ఇంకో ఊరి టీమ్ వచ్చి కలిసింది, వాళ్ల మెషిన్లతో, వాళ్ల పాస్‌వర్డ్ ఫైళ్లతో. వాళ్లదీ 500 నుంచే. మా దగ్గర 512 ఒక లేఅవుట్ ఇంజినీర్, వాళ్ల దగ్గర 512 ఇంకొకరు. వాళ్ల మెషిన్ నుంచి ఆ రెండో మనిషి లాగిన్ అయితే ఈ మొదటి మనిషి ఫైళ్లన్నీ సర్వర్ కళ్లకు అతనివే. చదవగలడు, చెరపగలడు. ఎవరూ చెడుగా వాడలేదు, ఎవరికీ తెలియలేదు కూడా. ఆ సంగతి పట్టిక వేసి చూశాక రెండు రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అందరికీ 10000 పైన కొత్త అంకెలు ఇచ్చాం. పాత అంకెల్లో ఎవరినీ ఉంచలేదు. కొందరిని ఉంచి కొందరిని మారిస్తే, ఒకరి కొత్త అంకె ఇంకొకరి పాత అంకెతో కలిసే ప్రమాదం ఉంటుంది, ఏ వరసలో మార్చాలన్నది తలనొప్పి అవుతుంది. ఏ సర్వర్‌లో ఏ డిస్కు ఎవరి టీమ్‌దో చూసి, ఫైండ్ కమాండ్‌తో పాత అంకె ఉన్న ఫైళ్లన్నిటినీ చౌన్ (ఓనర్‌ను మార్చే కమాండ్) చేశాం. సిమ్‌లింక్‌లను పట్టుకుని వాటి అవతలి ఫైలు మారకుండా డ్యాష్ హెచ్ పెట్టాం.

రెండు విషయాలు ముందుగా ఊహించలేదు. చౌన్ చేస్తే ఫైలు మీదున్న సెట్‌యూఐడీ గుర్తు (ఓనర్ అధికారంతో నడవాలని చెప్పేది) పోతుంది. లైసెన్స్ చూసే ఒక పాత ప్రోగ్రామ్ అలా ఆగిపోయింది. రెండోది, చౌన్ వల్ల ఫైలులోని విషయం మారకపోయినా సీటైమ్ (ఫైలు వివరాలు చివరిగా మారిన వేళ) మారుతుంది. మా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సీటైమ్ చూసి నిర్ణయించేది. ఆ రాత్రి మారిన ఫైళ్లనే తీసుకోవాల్సిన ఇంక్రిమెంటల్ బ్యాకప్ కాస్తా పూర్తి బ్యాకప్ అయి కూర్చుంది, టేపులు చాలలేదు. ఇలాంటి పని పెట్టుకుంటే ఫుల్ బ్యాకప్ జరగాల్సిన వారాంతంలోనే పెట్టుకోండి.

పదహారు గ్రూపులు

ఇది వేరుగా చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే ఇది చూడటానికి దెయ్యం పట్టినట్టు ఉంటుంది. ప్రాజెక్టుకు ఒక యూనిక్స్ గ్రూపు పెట్టాం. గ్రూపులో ఉంటేనే ఆ డైరెక్టరీలోకి వెళ్లగలరు. అంతా బాగానే ఉంది. ఒక సీనియర్ ఇంజినీర్ మాత్రం, "నాకు ఐదు ప్రాజెక్టుల్లో పర్మిషన్ డినైడ్ వస్తోంది సార్. ఐడీ కమాండ్ కొడితే ఆ గ్రూపులన్నీ చూపిస్తోంది" అన్నారు. చూస్తే నిజమే. అదే మనిషి సర్వర్ మీదకి లాగిన్ అయితే వెళ్లగలరు. క్లయింట్ నుంచి వెళ్లలేరు. ఆయన కింద పనిచేసేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

సీనియర్లకే వచ్చింది కాబట్టి విషయం దొరికింది. వాళ్లు ఎక్కువ ప్రాజెక్టుల్లో ఉంటారు. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలు అథెంటికేషన్‌లో, అంటే ఆథ్ సిస్ పద్ధతిలో, క్లయింట్ తన రిక్వెస్టుతో పాటు యూఐడీ, ముఖ్య జీఐడీ (గ్రూపు అంకె), ఇంకా 16 అదనపు గ్రూపుల అంకెలు మాత్రమే పంపగలదు. ఆ సందేశం ఆకారమే అంత. పదిహేడో గ్రూపు సర్వర్‌కు చేరదు. మెషిన్ మీద లినక్స్ ఎన్ని గ్రూపులైనా చూపిస్తుంది, వైరు మీద పదహారే.

లినక్స్ సర్వర్లలో దీనికి మందు ఉంది. మౌంట్‌డీ డీమన్‌కు మేనేజ్ జిడ్స్ అనే ఆప్షన్ ఇస్తే, క్లయింట్ పంపిన గ్రూపుల పట్టికను పక్కన పెట్టి, ఆ యూఐడీ ఏయే గ్రూపుల్లో ఉందో సర్వరే స్వయంగా చూసుకుంటుంది. అందుకు సర్వర్‌కు కూడా ఎన్‌ఐఎస్‌లోని గ్రూపులు అందుబాటులో ఉండాలి. పెట్టిన రోజు నుంచి ఆ ఫిర్యాదులు ఆగాయి. ఇది తెలియక గ్రూపులను కలిపేసి, అందరికీ అన్నీ తెరిచేసిన ఆఫీసులు నేను చూశాను. అలా చేయకండి.

రెడ్ హ్యాట్ 6 మెషిన్లలో ఇంకో రకం సమస్య. అవి డిఫాల్ట్‌గా ఎన్‌ఎఫ్‌ఎస్ 4తో మౌంట్ చేస్తాయి, ఆ పద్ధతిలో ఓనర్‌ను పేరూ డొమైనూ కలిపి చెబుతారు. రెండు వైపులా డొమైన్ పేరు ఒకటి కాకపోతే ఫైళ్లన్నీ నోబడీ పేరు మీద కనిపిస్తాయి. మొదట మ్యాప్‌లోనే వెర్షన్ 3 అని రాసి ఆపాం. రెండు నెలల తర్వాత ఆ పేర్లను అంకెలుగా మార్చే ఐడీమ్యాప్‌డీ కాన్ఫిగ్‌లో డొమైన్ అన్ని చోట్లా ఒకటే పెట్టి ఆ కట్టు తీసేశాం.

హార్డ్, సాఫ్ట్

అన్నీ హార్డ్ మౌంటే పెట్టాం. దీని మీద ఇద్దరు ముగ్గురు నాతో గట్టిగా వాదించారు. సర్వర్ ఆగితే జాబ్‌లన్నీ వేలాడుతాయి కదా, సాఫ్ట్ పెడితే ఎర్రర్ ఇచ్చి బయటపడుతుంది కదా అని. ఎర్రర్ ఇస్తుంది, నిజమే. దాన్ని పట్టించుకునే ప్రోగ్రామ్ ఎన్ని? సాఫ్ట్ మౌంట్ మీద సిమ్యులేటర్ సగం రాసిన ఫైల్‌ను వదిలేసి తను బాగానే ముగిశానని చెప్పడం మేం చూశాం. వేలాడుతున్న జాబ్ సర్వర్ తిరిగి వచ్చాక ఆగిన చోటినుంచి కదులుతుంది. సగం ఫైలు ఎవరూ గమనించకుండా చిప్ దాకా వెళ్లవచ్చు.

మార్చే వారాంతాలు

ఒకేసారి అందరినీ మార్చలేదు. వారానికి ఒకటో రెండో ప్రాజెక్టులు. ముందు పని నడుస్తుండగానే ఆర్‌సింక్‌తో ఒకసారి కాపీ, శనివారం ఆ టీమ్ జాబ్‌లు ఆపాక రెండోసారి తేడాలు మాత్రం, ఆ తర్వాత మ్యాప్‌లో లైను. హార్డ్ లింకులు, అంకెల్లో ఓనర్లు పోకుండా ఆ ఆప్షన్లు పెట్టడం మరిచిపోకూడదు.

జాబ్‌లు ఆపడం దగ్గరే గొడవంతా. కొన్ని సిమ్యులేషన్లు మూడు రోజులు నడుస్తాయి. అవి ఆ డైరెక్టరీలో ఉన్నంతసేపు ఆటోఎఫ్‌ఎస్ దాన్ని వదలదు. 300 సెకన్లు ఎవరూ వాడకపోతేనే తీస్తుంది. అలా పట్టుకుని ఉండగా మనం సర్వర్ మీద పాత డైరెక్టరీ తీసేస్తే ఆ జాబ్‌కు స్టేల్ ఫైల్ హ్యాండిల్ అని వస్తుంది, అంతటితో దాని పని ముగుస్తుంది. ఒక ఫిజికల్ డిజైన్ టీమ్ లీడ్, "టేప్‌ఔట్‌కి మూడు వారాలుంది. మా డైరెక్టరీ ముట్టుకోకండి, ప్లీజ్" అన్నారు. ముట్టుకోలేదు. వాళ్లది చివరికి పెట్టాం. ఆ మూడు వారాలు ఆగడం వల్ల మాకు ఏ నష్టమూ జరగలేదు, వాళ్లు మాత్రం తర్వాత జరిగిన ప్రతి మార్పుకూ మా వైపు మాట్లాడారు.

పాత దారులను వెంటనే తీసేయలేదు. సిమ్‌లింక్‌లు పెడితే ఎవరు వాడుతున్నారో తెలియదు, ఎప్పటికీ ఉండిపోతాయి. అందుకని /గోదావరి, /కృష్ణ మొదలైన పాత పేర్లను కూడా ఆటోమౌంట్ మ్యాప్‌లుగానే పెట్టాం. వాటిని ఎవరు అడిగినా ఆ మెషిన్ లాగ్‌లో మౌంట్ ప్రయత్నం అని ఒక లైను పడుతుంది, లాగ్‌లన్నీ ఒకే చోటికి చేరతాయి. వారం వారం ఆ లైన్లు చూసి, ఏ మెషిన్‌లో ఎవరి స్క్రిప్టు పాత దారి అడుగుతోందో కనుక్కుని, వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని మార్చేవాళ్లం. మొదటి వారం వందల లైన్లు. నాలుగో నెలకు పది లోపు. మెయిల్ పంపితే మారనివి, పక్కన కూర్చుంటే పది నిమిషాల్లో మారాయి.

టూల్స్‌లో కొన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే తమ దారిని లోపల రాసుకుని ఉన్నాయి. వాటిని మార్చడానికి ప్రయత్నించి సమయం వృథా చేసుకోకుండా కొత్త చోట తిరిగి ఇన్‌స్టాల్ చేశాం.

చివర్లో ఎక్స్‌పోర్ట్‌లను (ఏ డిస్కును ఎవరికి ఇవ్వాలో చెప్పే జాబితాలను) బిగించాం. అంతకుముందు ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి తెరిచి ఉండేవి. ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌లో రూట్ అయి, కావలసిన యూఐడీ పెట్టుకుని ఏ ఫైలైనా చదవగలిగేవారు. ఆ తర్వాత మేం చూసుకునే మెషిన్ల నెట్‌గ్రూపుకు (మెషిన్ల జాబితాకు) మాత్రమే ఇచ్చాం. అసలు పరిష్కారం, టికెట్లతో మనిషిని నిర్ధారించే కెర్బెరోస్ అని తెలుసు. రోజుల తరబడి నడిచే జాబ్‌లకు టికెట్ గడువు అయిపోకుండా చూసే ఏర్పాటు మా దగ్గర లేకపోవడంతో దాన్ని మొదలుపెట్టలేదు.

గోదావరి సర్వర్‌ను పనులన్నీ అయ్యాక ఒక శుక్రవారం సాయంత్రం ఆపేశాం. దాని మీదున్న ప్రాజెక్టుల దారులు ఒక్కటి కూడా మారలేదు, సోమవారం ఫోన్లేవీ రాలేదు. /గోదావరి అనే మ్యాప్‌ను మాత్రం అప్పటికి ఇంకా తీయలేదు. ప్రతి సోమవారం పొద్దున ఆరింటికి ల్యాబ్‌లోని ఒక సోలారిస్ మెషిన్ /గోదావరి/డిస్క్2 అని అడుగుతూ ఉండేది. దాన్ని వాడిన మనిషి వేరే టీమ్‌కు వెళ్లిపోయాడు. ఆ పని క్రాన్‌లో లేదు, యాట్ క్యూలో (ఒక్కసారి నడిచే పనుల వరసలో) లేదు. ఆ తర్వాతి సోమవారం ఐదున్నరకే వెళ్లి ఆ మెషిన్ ముందు కూర్చుందామని నేనూ మా జూనియరూ అనుకున్నాం.